మోటారు సైకిలులో టైటానియం బోల్టులు

మోటారు సైకిలు భాగాలను బిగించుటకు ఉక్కుకు బదులుగా వాడే టైటానియం మిశ్రమలోహపు బోల్టులను, నట్టులను, మరలను కలిపి టైటానియం బోల్టులు అని వ్యవహరిస్తారు. ఇవి తేలికైనవి, తుప్పు పట్టనివి, ఖరీదైనవి. పందెపు వాహనాలలో చాలాకాలంగా వాడుకలో ఉన్నాయి. నిత్యావసరానికి నడిపే వాహనానికి, ముఖ్యంగా ఖమ్మం - భద్రాచలం అటవీ సరిహద్దు దారులపై తిరిగే వాహనానికి, వీటివలన కలిగే ప్రయోజనం చాలా పరిమితం.

లోహం, తయారీ

టైటానియం పరమాణు సంఖ్య 22. దీనిని 1791లో ఇంగ్లండుకు చెందిన విలియం గ్రెగర్ కనుగొన్నాడు. 1795లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త క్లాప్రోత్ గ్రీకు పురాణాలలోని టైటనుల పేరు మీదుగా దీనికి నామకరణం చేశాడు. ఇల్మనైటు, రూటైలు దీని ముఖ్య ఖనిజాలు. ఆంధ్రప్రదేశ్‌లోని భీమునిపట్నం తీరపు ఇసుకలో ఇల్మనైటు ఉంది.

ఖనిజం అరుదు కాకపోయినా లోహం ఖరీదైనది. క్రోల్ పద్ధతిలో టైటానియం టెట్రాక్లోరైడును గాలి సోకని పాత్రలో మెగ్నీషియంతో క్షయకరణం చేసి, వచ్చిన లోహాన్ని శూన్యంలో కరిగించాలి. హైదరాబాదులో 1973లో స్థాపించబడిన ప్రభుత్వ రంగ సంస్థ మిశ్ర ధాతు నిగమ్ (మిధాని) రక్షణ, అంతరిక్ష రంగాలకు టైటానియం మిశ్రమలోహాలను తయారు చేస్తుంది.

ఉక్కుతో పోలిక

బోల్టులకు ఎక్కువగా వాడేది 5వ గ్రేడు మిశ్రమలోహం. ఇందులో సుమారు 6 శాతం అల్యూమినియం, 4 శాతం వెనేడియం ఉంటాయి.

* సాంద్రత (ఘన సెం.మీ.కు): టైటానియం 4.43 గ్రాములు, ఉక్కు 7.85 గ్రాములు
* తన్యతా బలం: టైటానియం సుమారు 900 మెగాపాస్కల్, 8.8 తరగతి ఉక్కు 800, 10.9 తరగతి ఉక్కు 1000
* యంగ్ గుణకం: టైటానియం సుమారు 114 గిగాపాస్కల్, ఉక్కు సుమారు 205

అనగా టైటానియం ఉక్కుకన్నా తేలికే గాని, మేలురకపు ఉక్కుకన్నా బలమైనది కాదు.

బరువు తగ్గుదల

ఒక వాహనంలో మార్చదగిన ఉక్కు బోల్టుల మొత్తం బరువు 1 కిలో అనుకుందాం. అదే పరిమాణం గల టైటానియం బోల్టులు 0.56 కిలో తూగుతాయి. తగ్గిన 0.44 కిలో దాదాపు 0.6 లీటరు పెట్రోలు బరువుకు సమానం. 110 కిలోల వాహనంలో ఇది 0.4 శాతం మాత్రమే. ఇద్దరు మనుషులు, ఒక బియ్యపు మూట ఎక్కిన బండిలో ఈ తేడా తెలియదు. క్షణాలు లెక్కించే పందెంలో మాత్రం దీనికి విలువ ఉంటుంది.

అటవీ ప్రాంతపు దారులలో

కొత్తగూడెం, పాల్వంచ, భద్రాచలం 30వ జాతీయ రహదారిపై ఉన్నాయి. రహదారి వదలి అడవిలోని పల్లెలకు పోయే దారులలో గతుకులు, బురద, కంకర ఎదురవుతాయి. ఇక్కడ బోల్టుకు కావలసినవి మూడు: వదులు కాకపోవడం, తుప్పు పట్టకపోవడం, పోతే వెంటనే దొరకడం.

మొదటి విషయంలో టైటానియం ప్రత్యేకంగా చేసే మేలు లేదు. అడ్డంగా వచ్చే కంపనాల వలన బోల్టులు వదులవుతాయని జర్మన్ ఇంజనీరు గెర్హార్డ్ యుంకర్ 1969లో నిరూపించాడు. తగినంత బిగువే దీనికి ముఖ్య నివారణ.

రెండవ విషయంలో టైటానియం ఉత్తమమైనది. అయితే అల్యూమినియం ఇంజను పెట్టెలో బిగించినచోట వాననీరు చేరితే విద్యుద్రసాయనిక చర్య వలన అల్యూమినియం తినివేయబడవచ్చు.

మూడవ విషయంలో ఉక్కుదే పైచేయి. జారిపోయిన ఉక్కు బోల్టుకు బదులు మరొకటి చిన్న ఊరి మెకానిక్కు వద్ద కూడా దొరుకుతుంది. 1966లో బ్రిటన్‌కు చెందిన బి.ఎస్.ఎ. సంస్థ మోటోక్రాస్ వాహనాలకు టైటానియం చట్రాలు అమర్చింది. అవి పగిలినపుడు పోటీ జరిగే చోట అతకడం సాధ్యపడలేదు. టైటానియాన్ని అతకడానికి జడవాయువు రక్షణ కావాలి.

జాగ్రత్తలు

* టైటానియం మరలు రాపిడికి ఒకదానికొకటి పట్టేసి, విప్పబోతే తెగిపోవచ్చు. పట్టకుండా కాపాడే లేపనం పూయాలి.
* లేపనం పూసినపుడు రాపిడి తగ్గుతుంది. ఉక్కుకు చెప్పిన టార్క్‌తోనే బిగిస్తే బోల్టు అధికంగా సాగవచ్చు. బోల్టు తయారీదారు చెప్పిన విలువనే పాటించాలి.
* బ్రేకు, ఇరుసు, హ్యాండిలు వంటి ప్రాణాధార స్థానాలలో వాహన తయారీదారు అనుమతి లేనిదే మార్చరాదు. గ్రేడు తెలియని చవక బోల్టు అక్కడ ప్రాణాపాయం.

ప్రత్యామ్నాయాలు

తలపై 8.8 లేదా 10.9 అని ముద్ర ఉన్న, జింకు పూత గల ఉక్కు బోల్టులు అధిక భాగాలకు చాలును. బరువు మోయని కవర్లకు స్టెయిన్‌లెస్ స్టీలు వాడవచ్చు. సాధారణంగా దొరికే ఏ2-70 రకం బలం 700 మెగాపాస్కల్ మాత్రమే కనుక, 8.8 బోల్టు ఉన్నచోట దానిని వాడరాదు. వానాకాలానికి ముందు బోల్టులన్నిటినీ టార్క్ పానాతో సరిచూడడం, టైటానియం కొనడంకన్నా తక్కువ ఖర్చుతో ఎక్కువ భద్రత ఇస్తుంది.

ఇవి కూడా చూడండి

* టైటానియం
* మిశ్రమలోహం
* తుప్పు
* యంగ్ గుణకం