కదలెడు తెర – కాలయంత్రము

గ్రంథాలయ రజతోత్సవ సంచికలో వీడియో ఆటలను గూర్చిన వ్యాసమేల యని కొందఱు చదువరులు శంకింపవచ్చును. రాజుల యుద్ధములు, శాసనములు మాత్రమే చరిత్ర కావు. ప్రజలు దేనితో ప్రొద్దుపుచ్చిరి, దేనిని చూచి ముచ్చటపడిరి, దేనిని దాచుకొనిరి, దేనిని పోగొట్టుకొనిరి అను విషయములును చరిత్రలోనివే. చివరి రెండును గ్రంథాలయమునకు మిక్కిలి దగ్గఱవి.

హైదరాబాదునందలి జూబ్లీహిల్సు ఒకప్పుడు బండరాళ్ల గుట్టలు. మద్రాసులో పెరిగి పెద్దదైన తెలుగు చలనచిత్ర పరిశ్రమ మెల్లమెల్లగా ఈ నగరమునకు తరలివచ్చినది. 1976లో అక్కినేని నాగేశ్వరరావుగారు ప్రక్కనే యున్న బంజారాహిల్సులో అన్నపూర్ణ స్టూడియోను నెలకొల్పిరి. పద్మాలయా, రామానాయుడు స్టూడియోలును ఈ గుట్టల మీదనే వెలసినవి. ఫిలింనగరు అను పేరే ఒక పేటకు స్థిరపడినది.

ఆ పరిశ్రమ ఇట్లు ఇల్లు మారుచున్న కాలముననే, 1991లో, సింగీతం శ్రీనివాసరావుగారి దర్శకత్వమున ‘ఆదిత్య 369’ విడుదలయ్యెను. అందొక ఆచార్యుడు కాలయంత్రమును నిర్మించును. నాయికానాయకులు దానిలో ఎక్కి 1526వ సంవత్సరమునకు, శ్రీకృష్ణదేవరాయల విజయనగరమునకు చేరుదురు. పిదప 2504వ సంవత్సరమునకు పోయి, అణుయుద్ధానంతరము మనుష్యులు భూగర్భమున తలదాచుకొనిన లోకమును చూతురు. నాయకునిగను, రాయలుగను బాలకృష్ణగారే నటించిరి. ఆంగ్ల రచయిత వెల్సు 1895లో ప్రకటించిన కాలయంత్రపు నవల ఎఱిగినవారికి ఆ యూహ క్రొత్తది కాదు. కాని ఆ యంత్రము తెలుగు మాటలాడుచు రాయల కొలువులో దిగుట మాత్రము మనకు క్రొత్త.

అమెరికాలోనైనచో ఇట్టి చిత్రము వెంట ఒక ఆట కూడ వెలువడెడిది. అచ్చట శాస్త్రకల్పనా చిత్రములను ఆటలుగా మార్చుట అప్పటికే వాడుకయై యుండెను. 1987లో వచ్చిన ‘రోబోకాప్’ చిత్రమును మఱుసటి యేడే జపాను సంస్థయగు డేటా ఈస్టు ఆటగా మలచెను. 1977 నాటి ‘స్టార్ వార్స్’ చిత్రము 1992లో ‘సూపర్ స్టార్ వార్స్’ అయ్యెను. మన కాలయంత్రము ఆనాడు వెండితెరను దాటి బాలుర చేతికి రాలేదు.

అయినను ఆటలు మన యూళ్లకు రాకపోలేదు. 1990ల దశకమున తెలుగు పట్టణములలో టెలివిజనుకు తగిలించు ఆటపెట్టెలు అమ్మకమునకు వచ్చినవి. వానిలో పెక్కు, నింటెండో సంస్థ 1983లో జపానున విడుదల చేసిన ‘ఫ్యామిలీ కంప్యూటరు’కు నకళ్లు. ఆట నిక్షిప్తమైన ప్లాస్టిక్ బిళ్లను పిల్లలు ‘క్యాసెట్టు’ అనెడివారు. పెట్టె కొనలేనివారు గంటకింత యని రుసుము చెల్లించి దుకాణములలో ఆడుకొనెడివారు. ఆ క్యాసెట్లలో అందఱికి తెలిసినది 1985 నాటి ‘సూపర్ మారియో బ్రదర్స్’. దాని పరిమాణము 40 కిలోబైట్లు మాత్రమే. నేడు మన ఫోనుతో తీసెడు ఒక్క ఛాయాచిత్రమునకైనను అది చాలదు.

అంత చిన్న తావులో అంత లోకమెట్లు ఇమిడినది? అందలి ఉపాయము సులభమైనది. కొండ, మేఘము, ఇటుక గోడ మున్నగునవి చిన్న చిన్న చదరపు పలకలుగా ఒక్కసారి మాత్రమే దాచబడును. యంత్రము ఆ పలకలనే మరల మరల పేర్చి దారి పొడవును కల్పించును. ఆటగాడు కుడివైపునకు నడచిన కొలది తెర ఎడమకు జరుగును; కుడి యంచున క్రొత్త పలకల వరుస చేరును. మన చేర్యాల నకాశీ పటములు ఇట్టి విద్యకు పెద్దలు. కథకుడు చుట్టను విప్పుచు, ఒక్కొక్క ఘట్టమును జనుల ముందు నిలుపుచు కథ చెప్పును. పటము క్రిందికి విచ్చుకొనును, ఆట ప్రక్కకు విచ్చుకొనును. పటమును కథకుడు నడపును, ఆటను ఆడువాడే నడపవలెను.

ఈ భేదమే ‘సూపర్ స్టార్ వార్స్’ ఆడువారికి తేటపడును. సినిమాలో ల్యూక్ అను యువకుని విజయము ముందే నిశ్చితము. ఆటలో అతడు ఎడారి యిసుకలో తుపాకి పట్టుకొని నిలిచి, మన వ్రేలి ఆజ్ఞకై ఎదురుచూచును. ఇసుకపై పోవు భారీ వాహనము యొక్క పలకల మీదికి ఎగురవలెను. కాలొక్క అంగుళము తప్పినచో పడిపోవును. కూలిన శత్రువు విడిచిన హృదయపు గుర్తును అందుకొన్నచో శక్తి కొంత తిరిగి వచ్చును. కాంతిఖడ్గము మొదటనే దొరకదు. కొన్ని ఘట్టములు గెలిచిన పిమ్మటనే లభించును. తుదిఘట్టమున శత్రువుల కృత్రిమ గ్రహముపై కందకము వెంట విమానము నడపవలెను. వెండితెరపై రెండు గంటలలో ముగిసిన కథకు ఇచ్చట పలుదినముల ఓర్పు కావలెను. పడినచోటనే మరల లేచుట నేర్పునది ఈ ఆట.

ఇట్టి ఆటను నేడు ఆడుట ఒక కాలయాత్రయే. కాని ఆ యాత్రకు వాహనము మిగిలియుండవలెను. 1982లో ‘ఈ.టి.’ చిత్రము ఆధారముగా వచ్చిన ఆటను ఒకే ఒక కార్యక్రమకర్త సుమారు ఐదు వారములలో వ్రాసెను. అమ్ముడుపోని ప్రతులు అనేకము 1983లో అమెరికాలోని ఆలమొగార్డో పట్టణపు చెత్తదిబ్బలో పూడ్చబడినవి. 2014లో ఆ దిబ్బను త్రవ్వి కొన్నింటిని వెలికితీసిరి. 2023లో అమెరికాలో వెలువడిన ఒక పరిశీలన ప్రకారము, ఆ దేశమున 2010కి పూర్వము విడుదలైన ఆటలలో 87 శాతము అంగడిలో దొరకుట లేదు. పాత పెట్టె పనిచేయకున్నను, దాని ప్రవర్తనను అనుకరించు ‘ఎమ్యులేటరు’ అను కార్యక్రమము వలన నేటి కంప్యూటరు పైనను ఆ యాటలు ఆడవచ్చును. కాని లోనున్న ఆటను ఎవరో ఒకరు ముందుగా దాచియుండవలెను.

సినిమా వారును ఈ పాఠమును నష్టపడియే నేర్చిరి. హెచ్.ఎం.రెడ్డిగారి దర్శకత్వమున 1931లో తమిళ సంభాషణలతో, తెలుగు పాటలతో వెలువడిన ‘కాళిదాసు’ ప్రతి యొక్కటియు మనకు మిగులలేదు. పూనాలో జాతీయ చలనచిత్ర భాండాగారము ఏర్పడినది 1964లో మాత్రమే. ‘ఆదిత్య 369’ అదృష్టము మఱియొక విధమైనది. దాని బొమ్మను శుభ్రపఱచి 2025లో మరల ప్రదర్శించిరి. అది దాచినవారి పుణ్యము.

1901లో హైదరాబాదున పెద్దలు నెలకొల్పిన పుస్తకశాలకు శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయమని పేరుపెట్టిరి. సినిమా కాలయంత్రము రాయల కడకు కొన్ని నిమిషములు కొనిపోయినది. ఆ నిలయము నూఱేండ్లకు పైగా తలుపు తెఱచి యుంచినది. ఇరువది యైదేండ్లు నిండిన మన గ్రంథాలయము కూడ అట్టి యంత్రమే. దీని బీరువాలలో పుస్తకములతో పాటు పాత సినిమాల పాటల పుస్తకములకు, ఆగిపోయిన ఆటపెట్టెలకు, బిళ్లలకు సైతము ఒక అర కేటాయింతుము గాక. స్వర్ణోత్సవమునాటి పిల్లలు మనమెట్లు ఆడితిమో తెలిసికొనగోరినప్పుడు, వారికి వట్టి మాట చెప్పక ఆ వస్తువునే చేతికందించుట మన విధి.