తెరపై బెర్తు, చేతిలో వెయిటింగ్ లిస్టు: సర్వర్‌లో జావా పేజీలు ఎలా తయారవుతాయి?

ఉదయం పది గంటలకు ఏసీ తరగతుల తత్కాల్ బుకింగ్ మొదలవుతుంది. పండగకు ఊరెళ్లాలనుకునే ఢిల్లీ తెలుగువారు అప్పటికే ఐఆర్‌సీటీసీ వెబ్‌సైట్ తెరిచి కూర్చుంటారు. తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో ఒక బెర్తు ఖాళీ ఉన్నట్టు కనిపిస్తుంది. పేర్లు, వయసులు నింపి ముందుకు వెళ్లేసరికి అదే వెయిటింగ్ లిస్టుగా మారిపోతుంది. తెరపై కనిపించింది తప్పా? కాదు. పేజీ తయారైన క్షణంలో అది నిజమే. ఈ తేడా అర్థం కావాలంటే అలాంటి పేజీ ఎలా తయారవుతుందో తెలియాలి.

అడిగినప్పుడే తయారయ్యే పేజీ

ఒక సంస్థ చిరునామా, చరిత్ర చెప్పే పేజీ అందరికీ ఒకేలా ఉంటుంది. దాన్ని ఒకసారి రాసి సర్వర్‌లో పెడితే చాలు. రైలు ఖాళీల పేజీ అలా కాదు. తేదీ, తరగతి, అడిగిన సమయాన్ని బట్టి మారుతుంది. అందుకే సర్వర్‌లోని ప్రోగ్రామ్ డేటాబేస్‌ను అడిగి, వచ్చిన జవాబుతో అప్పటికప్పుడు హెచ్‌టీఎంఎల్ తయారుచేసి పంపుతుంది. ఇదే డైనమిక్ పేజీ.

తొలిరోజుల్లో ఈ పనికి సీజీఐ పద్ధతి వాడేవారు. అందులో సాధారణంగా ప్రతి అభ్యర్థనకూ ఒక కొత్త ప్రాసెస్ మొదలవ్వాలి. రద్దీ పెరిగితే సర్వర్ మీద భారం పెరిగేది. సన్ మైక్రోసిస్టమ్స్ 1997లో తెచ్చిన సర్వ్‌లెట్ దీనికి మరో దారి చూపింది. సర్వ్‌లెట్ అనే జావా ప్రోగ్రామ్ ఒకసారి మెమరీలోకి వచ్చాక అక్కడే ఉంటుంది. వచ్చిన ప్రతి అభ్యర్థననూ ఒక థ్రెడ్ చూసుకుంటుంది. సర్వ్‌లెట్లను నడిపే టామ్‌క్యాట్ వంటి సాఫ్ట్‌వేర్‌ను కంటైనర్ అంటారు.

అయితే జావా కోడ్ మధ్యలో హెచ్‌టీఎంఎల్‌ను ముక్కలుగా రాయడం చాకిరీ. 1999లో వచ్చిన జేఎస్‌పీ దీన్ని తిరగేసింది. పేజీని హెచ్‌టీఎంఎల్‌గానే రాసి, మారే చోట్ల మాత్రమే జావాకు చోటిస్తారు. మామూలుగా మొదటిసారి అడిగినప్పుడు కంటైనర్ ఆ పేజీని సర్వ్‌లెట్‌గా మార్చి కంపైల్ చేస్తుంది. తర్వాతి అభ్యర్థనలకు ఆ పని మళ్లీ అక్కర్లేదు. 2004లో వచ్చిన జేఎస్‌ఎఫ్ ఫారాలు, బటన్ల వంటి భాగాలతో పేజీని నిర్మించే పద్ధతిని ఇచ్చింది.

ఢిల్లీ ఉదాహరణ

రైల్వే కంప్యూటర్ వ్యవస్థలను నిర్మించే క్రిస్ సంస్థ 1986లో ఏర్పడింది. దాని కార్యాలయం ఢిల్లీలోని చాణక్యపురిలో ఉంది. అది రూపొందించిన కన్సర్ట్ రిజర్వేషన్ వ్యవస్థ 1994లో మొదట సికింద్రాబాద్‌లోనే అమల్లోకి వచ్చింది. 2002 ఆగస్టులో ఐఆర్‌సీటీసీ ఇంటర్నెట్‌లో టికెట్ల అమ్మకం మొదలుపెట్టింది. 2014లో క్రిస్ తయారుచేసిన కొత్త ఈ-టికెటింగ్ వ్యవస్థ వచ్చింది. నిమిషానికి 2,000 టికెట్ల సామర్థ్యం 7,200కు పెరిగిందని రైల్వే ప్రకటించింది. ఆ రోజుల్లో లాగిన్ పేజీ చిరునామా 'డాట్ జేఎస్‌ఎఫ్'తో ముగిసేది. పేజీ వెనుక జావా ఉందని చెప్పే ఆనవాలు అది.

తప్పు ఎక్కడ జరుగుతుంది?

హెచ్‌టీటీపీకి జ్ఞాపకం లేదు. ఒక క్లిక్‌కూ తర్వాతి క్లిక్‌కూ సంబంధం దానికి తెలియదు. అందుకే కంటైనర్ ప్రతి వినియోగదారుకూ ఒక సెషన్ గుర్తు ఇచ్చి, కుకీ ద్వారా గుర్తుపడుతుంది. కాసేపు కదలిక లేకపోతే సెషన్ ముగిసి మళ్లీ లాగిన్ కావాల్సి వస్తుంది. డబ్బు కట్టేటప్పుడు రిఫ్రెష్ నొక్కవద్దని హెచ్చరించడానికీ కారణం ఉంది. అదే అభ్యర్థన రెండోసారి వెళ్లే ప్రమాదం ఉంటుంది.

ఇంతకంటే పెద్ద ప్రమాదం థ్రెడ్లతో వస్తుంది. మామూలుగా సర్వ్‌లెట్ ఆబ్జెక్ట్ ఒక్కటే, దాన్ని వాడే థ్రెడ్లు ఎన్నో. ప్రయాణికుడి పేరును ఆ ఆబ్జెక్ట్‌లోని ఉమ్మడి వేరియబుల్‌లో దాస్తే, ఒకరి వివరాలు మరొకరి తెరపైకి వెళ్లవచ్చు. ఒక్కరే పరీక్షించినప్పుడు ఈ లోపం బయటపడదు. రద్దీలోనే బయటపడుతుంది. అందుకే అభ్యర్థనకు సంబంధించిన వివరాలు మెథడ్ లోపలి వేరియబుల్స్‌లోనే ఉండాలి.

బెర్తు విషయానికి వస్తే, ఇద్దరికీ ఒకటే ఖాళీ కనిపించడం సహజం. దాన్ని ఎవరికివ్వాలో పేజీ నిర్ణయించకూడదు. బుక్ చేసే క్షణంలో డేటాబేస్ లావాదేవీ ఖాళీని మళ్లీ చూసి, ఒకరికే కేటాయించాలి.

జావా ఎంటర్‌ప్రైజ్ పరిజ్ఞానాన్ని ఒరాకిల్ 2017లో ఎక్లిప్స్ ఫౌండేషన్‌కు అప్పగించింది. ఇప్పుడు దాని పేరు జకార్తా. నేడు చాలా సైట్లలో పేజీని బ్రౌజరే గీస్తుంది, సర్వర్ సమాచారం మాత్రమే పంపుతుంది. అయినా ఆఖరి మాట సర్వర్‌దే. తెరపై కనిపించే సంఖ్య కొన్ని క్షణాల కిందటిది. బెర్తు ఖాయమైందో లేదో తేలేది డేటాబేస్‌లోనే.