స్కాటిష్ ఫోల్డ్

స్కాటిష్ ఫోల్డ్ చెవులు ముందుకు మడతపడి ఉండే ఒక పెంపుడు పిల్లి జాతి. 1961లో స్కాట్లాండులోని కూపర్ ఆంగస్ సమీపాన ఒక పొలంలో కనిపించిన సూసీ అనే తెల్లపిల్లి ఈ జాతికి మూలం. దాని సంతతి నుండి విలియం రాస్ ఈ జాతిని వృద్ధి చేశాడు.

పిల్లలన్నీ నిటారు చెవులతోనే పుడతాయి. సుమారు మూడు వారాలకు కొన్నింటి చెవులు మడతపడసాగుతాయి. గుండ్రని తల, పెద్ద కళ్ళ వలన ముఖం గుడ్లగూబను తలపిస్తుంది. ఇవి నెమ్మదైనవి, మనుషులకు త్వరగా మచ్చికౌతాయి.

అయితే ఈ ముద్దైన చెవులకు కారణం ఒక జన్యులోపం. అది చెవులతో ఆగక ఇతర మృదులాస్థినీ దెబ్బతీస్తుంది. ఫలితంగా కీళ్ళనొప్పులు, కుంటినడక, తోక బిగుసుకుపోవడం సంభవిస్తాయి. తల్లిదండ్రులిరువురివీ మడత చెవులైతే వ్యాధి మరింత తీవ్రం కాగలదు. ఒకదానివే అయినా ముప్పు తప్పదు. ఈ కారణాల వలన బ్రిటను పిల్లుల నమోదు సంస్థ జిసిసిఎఫ్ 1970ల ఆరంభంలోనే ఈ జాతి నమోదును నిలిపివేసింది. లోపమున్న జన్యువు టిఆర్‌పివి4 అని 2016లో గుర్తించారు.