బాల్య స్థూలకాయం

బాల్య స్థూలకాయం అంటే ఎదిగే వయసులోని పిల్లల శరీరంలో ఆరోగ్యానికి హాని కలిగించేంతగా కొవ్వు పేరుకుపోయిన స్థితి. వాడుకలో ఊబకాయంగా పిలిచే ఈ స్థితిని ఆధునిక వైద్యం తిండిపోతుతనంగానో సోమరితనంగానో చూడక, వంశపారంపర్య గుణాలూ పరిసరాలూ కలిసి కలిగించే దీర్ఘకాలిక రుగ్మతగా పరిగణిస్తుంది. పిల్లలు తాము తినే తిండిని, ఆడుకునే వేళలను తామే నిర్ణయించుకోలేరు కాబట్టి, దీని నివారణలో ప్రధాన బాధ్యత తల్లిదండ్రుల మీద, పాఠశాలల మీద ఉంటుంది.

నిర్ధారణ

కిలోగ్రాములలోని బరువును మీటర్లలోని ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే సంఖ్యను శరీర ద్రవ్యరాశి సూచిక, క్లుప్తంగా బీఎంఐ, అంటారు. పెద్దలకు దీనిలో స్థిరమైన హద్దులు ఉన్నా, పిల్లల శరీర నిర్మాణం వయసుతోపాటు మారుతుంది కనుక, వారి సూచికను అదే వయసు, అదే లింగానికి చెందిన పిల్లల ప్రమాణాలతో పోల్చవలసి ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 5 నుంచి 19 ఏళ్ల వారిలో ఈ సూచిక మధ్యస్థ విలువ కంటే ఒక ప్రామాణిక విచలనం మించితే అధిక బరువుగా, రెండు మించితే స్థూలకాయంగా గుర్తిస్తారు. కొలతలు మధ్య విలువ నుంచి ఎంత దూరం విస్తరించాయో చెప్పే గణాంకమే ప్రామాణిక విచలనం. భారతీయులలో తక్కువ బరువు వద్దే మధుమేహం వంటి వ్యాధులు కనిపిస్తున్నందున, భారతీయ శిశువైద్యుల సంఘం 2015లో రూపొందించిన పెరుగుదల పటాలు పెద్దల సూచికలో 23, 27 విలువలకు సరిపోయే రేఖలను అధిక బరువుకు, స్థూలకాయానికి హద్దులుగా గీశాయి.

వ్యాప్తి

ప్రపంచంలో 5–19 ఏళ్ల వారిలో స్థూలకాయుల శాతం 1990లో 2 ఉండగా 2022 నాటికి 8కి చేరింది. భారతదేశంలో ఐదేళ్లలోపు పిల్లల్లో అధిక బరువు గలవారు 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 2.1 శాతం, 2019–21 సర్వేలో 3.4 శాతం ఉన్నారు. ఈ రెండో సర్వేలోనే అదే వయసు పిల్లల్లో 35.5 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు ఎదగలేదని తేలింది. ఒకే సమాజంలో పోషకాహార లోపం, అధిక బరువు పక్కపక్కనే ఉండే ఈ స్థితిని పోషణ ద్వంద్వ భారం అంటారు.

కారణాలు

ఖర్చయ్యే శక్తి కంటే ఆహారం ద్వారా అందే శక్తి చాలాకాలం ఎక్కువగా ఉండడం మూలకారణమే అయినా, కొవ్వు చేరే ధోరణికి పునాది పుట్టుకకు ముందే పడవచ్చు. పుణెలో పరిశోధకుడు చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం జరిపిన అధ్యయనంలో, అక్కడి శిశువులు ఇంగ్లండు శిశువుల కంటే బాగా తక్కువ బరువుతో పుట్టినా, వారిలో కండరం తగ్గినంతగా కొవ్వు తగ్గలేదని వెల్లడైంది. అలా పుట్టిన బిడ్డను త్వరగా బొద్దుగా చేయాలని అతిగా తినిపిస్తే, కండరం కంటే కొవ్వే ఎక్కువగా పెరిగే అవకాశం ఉంది.

ఆ తర్వాతి వయసులో చిప్స్, బిస్కెట్లు, ఇన్‌స్టంట్ నూడుల్స్, తీపి పానీయాలు, తెరల ముందు గడిపే వేళలు, నిద్ర లేమి తోడవుతాయి. పిల్లల ఆహారంలో అదనంగా చేర్చిన చక్కెర రోజుకు 25 గ్రాములు దాటరాదని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2016లో సూచించగా, 300 మిల్లీలీటర్ల కోలా సీసా ఒక్కటే సుమారు 30 గ్రాములు అందిస్తుంది. థైరాయిడ్ లోపం, లెప్టిన్ హార్మోను లోపం వంటి కారణాలు అరుదు. బరువు పెరుగుతూ ఎత్తు పెరుగుదల మందగించిన పిల్లల్లో వైద్యులు థైరాయిడ్ లోపాన్ని అనుమానిస్తారు.

పరిణామాలు

ఒకప్పుడు పెద్దల వ్యాధిగా భావించిన రెండో రకం మధుమేహం, కాలేయంలో కొవ్వు చేరడం, అధిక రక్తపోటు, నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం, కౌమార బాలికల్లో నెలసరి క్రమం తప్పడం స్థూలకాయం వల్ల ముందుగానే రావచ్చు. మెడ వెనక చర్మం మందంగా, నల్లగా మారడం ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి సూచన కాగా, చాలా ఇళ్లలో దాన్ని మురికిగా భావించి రుద్ది కడుగుతారు. తోటివారి ఎగతాళి మనసుకు చేసే గాయం కూడా ఈ రోగాలతో సమానంగా పట్టించుకోదగినది.

తల్లిదండ్రుల పాత్ర

మొదటి ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే ఇవ్వడం, ఆ తర్వాత బిడ్డ ఆకలిని గమనించి అన్నం పెట్టడం తొలి రక్షణలు. అమెరికన్ పోషకాహార నిపుణురాలు ఎలిన్ శాటర్ ప్రతిపాదించిన బాధ్యతల విభజన ప్రకారం ఏమి, ఎప్పుడు, ఎక్కడ పెట్టాలో పెద్దలు నిర్ణయించాలి. ఎంత తినాలో బిడ్డకే వదలాలి. కంచంలో మిగల్చకుండా తినమని బలవంతపెట్టడం, మారాం మాన్పించడానికి చాక్లెట్ చేతికివ్వడం ఈ సూత్రానికి విరుద్ధం. లావుగా ఉన్న బిడ్డకు మాత్రమే వేరే వంట చేసి వేరు చేయడం కంటే, ఇంటిల్లిపాదీ పప్పు, ఆకుకూరలు, మజ్జిగ, పండ్లు, ఉడికించిన శనగలు గల భోజనానికి మారడం మేలు. చాలామంది పిల్లల్లో బరువు తగ్గించడం లక్ష్యం కాదు; బరువు నిలకడగా ఉంటే ఎత్తు పెరిగేకొద్దీ సూచిక దానంతట అదే తగ్గుతుంది. వైద్యుల సలహా లేకుండా బిడ్డను పస్తులుంచడం ఎదుగుదలకు హానికరం.

పాఠశాలల పాత్ర

భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2020లో తెచ్చిన నిబంధనలు కొవ్వు, ఉప్పు, చక్కెర అధికంగా గల ఆహారాన్ని పాఠశాల ఆవరణలోనూ, గేటు నుంచి 50 మీటర్ల లోపలా అమ్మడాన్ని నిషేధించాయి. ఏయే పదార్థాల్లో ఎంత చక్కెర ఉందో తెలిపే ‘షుగర్ బోర్డులు’ ఏర్పాటు చేయాలని సీబీఎస్ఈ 2025లో తన పాఠశాలలను ఆదేశించింది. ప్రభుత్వ బడుల మధ్యాహ్న భోజనం ప్రాథమిక తరగతుల పిల్లలకు 450 కిలో కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు అందించాలని నిర్దేశం ఉంది. ఆంధ్రప్రదేశ్ దీనికి గుడ్డు, రాగిజావ, వేరుశనగ చిక్కీ జోడించింది.

ఆహారంతో పాటు ఆట కూడా అవసరం. 5–17 ఏళ్ల వారికి రోజుకు సగటున 60 నిమిషాల చురుకైన శారీరక శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. విద్యాహక్కు చట్టం, 2009 ఆటస్థలాన్ని పాఠశాల ప్రమాణాల్లో చేర్చినా, అపార్ట్‌మెంట్ల వంటి భవనాల్లో నడిచే కార్పొరేట్ బడుల్లో ఆటస్థలమే ఉండదు. పరీక్షలు దగ్గరపడితే ఆటల పీరియడ్ స్టడీ అవర్‌గా మారుతుంది. ఇది పిల్లల ఆరోగ్యానికి జరిగే ప్రత్యక్ష అన్యాయం.

బడిలో పిల్లల బరువు తూచి ఇంటికి నివేదిక పంపితే సరిపోదని కాలిఫోర్నియాలో 79 పాఠశాలల్లో జరిగిన అధ్యయనం తేల్చింది. నివేదికల వల్ల పిల్లల సూచిక మారలేదు, బడిలో తూచడం వల్ల తమ బరువు పట్ల వారి అసంతృప్తి పెరిగింది. అందుచేత కొలత ఏకాంతంగా జరగాలి, దాని వెంట సలహా, చికిత్సకు దారి ఉండాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకు, బడులకు వచ్చే వైద్య బృందాలు ఇందుకు ఉపయోగపడగలవు. బడిలో నేర్పిన ఆహార నియమం ఇంట్లో వీగిపోకుండా, ఇంట్లో పాటించే నియమం బడి గేటు వద్ద చెడకుండా, తల్లిదండ్రుల సమావేశాలు మార్కుల చర్చతోనే ముగియక పిల్లల తిండి, ఆట, నిద్రలను కూడా చర్చించినప్పుడే నివారణ చర్యలు ఫలిస్తాయి.