పేపర్లు లేకపోతే అమెరికాలో వైద్యం చేయరా? ఎమర్జెన్సీలో రూల్ ఏంటి.. బిల్లు ఎవరు కట్టాలి?

వీసా గడువు అయిపోయింది. స్టేటస్ పోయింది. అర్ధరాత్రి ఉన్నట్టుండి ఛాతీలో నొప్పి. ఆస్పత్రికి వెళ్తే పట్టిస్తారేమోనన్న భయం.. అమెరికాలో పత్రాలు లేకుండా బతుకుతున్న లక్షల మందిది ఇదే పరిస్థితి. 2022లో ఇలాంటి భారతీయులే 7.25 లక్షల వరకు ఉన్నారని ప్యూ రీసెర్చ్ సెంటర్ అంచనా. యూనివర్సిటీ మానేసి స్టేటస్ పోగొట్టుకున్న స్టూడెంట్లు, జాబ్ పోయాక గడువులోగా ఇంకోటి దొరకనివాళ్లు.. తెలుగువాళ్లకు ఈ కథలు కొత్తేం కాదు.

మరి చట్టం ఏమంటోంది? 1986లో రీగన్ హయాంలో వచ్చిన ఎమ్‌టాలా చట్టం ప్రకారం, మెడికేర్ సొమ్ము తీసుకునే ఆస్పత్రులు ఎమర్జెన్సీకి వచ్చిన ఎవరినైనా పరీక్షించాల్సిందే. ప్రాణాపాయం ఉంటే పరిస్థితి నిలకడగా అయ్యేదాకా చూడాల్సిందే. పురిటి నొప్పులతో వచ్చినా అంతే. ముందు ఇన్సూరెన్స్ చూపించు అంటూ ఆలస్యం చేయకూడదు.

అయితే ఇది ఉచిత వైద్యం కాదు. బిల్లు తర్వాత ఇంటికొస్తుంది. ఆదాయం తక్కువగా ఉండి మిగతా అర్హతలుంటే ఎమర్జెన్సీ మెడికెయిడ్ కింద ఆస్పత్రికి సర్కారే చెల్లిస్తుంది. కాన్పు ఖర్చు కూడా అందులోకే వస్తుంది. ఒబామాకేర్ మార్కెట్‌లో మాత్రం పూర్తి ధర కట్టి కొందామన్నా వీళ్లకు పాలసీ ఇవ్వరు.

అసలు చిక్కు దీర్ఘకాలిక జబ్బులతోనే. కిడ్నీలు పాడైనవాళ్ల సంగతే చూడండి. వారానికి మూడుసార్లు డయాలసిస్ కావాలి. కానీ చాలా రాష్ట్రాల్లో అది ఎమర్జెన్సీ లెక్కలోకి రాదు. ఒళ్లు వాచి, ఊపిరాడక, పొటాషియం ప్రమాదకరంగా పెరిగాకే ఆస్పత్రిలో చేర్చుకుంటారు. రెండు రోజులు చూసి పంపిస్తారు. వారం తిరిగేసరికి మళ్లీ అదే నరకం. డెన్వర్, హ్యూస్టన్‌లలో ఇలా నెట్టుకొచ్చిన రోగులను శాన్‌ఫ్రాన్సిస్కోలో క్రమం తప్పకుండా డయాలసిస్ అందిన రోగులతో పోల్చి 2018లో ఓ అధ్యయనం వచ్చింది. ఐదేళ్లలో మరణ ముప్పు 14 రెట్లకు పైగా ఎక్కువని తేలింది. మరుసటి ఏడాదే కొలరాడో రూల్ మార్చింది. పైగా పద్ధతిగా చేసే డయాలసిస్ కంటే ఎమర్జెన్సీలో చేసేదే ఖరీదు!

రాష్ట్రాన్ని బట్టి కథ మారుతుంది. కాలిఫోర్నియా 2024 జనవరి నాటికి అన్ని వయసులవారికీ మెడీకాల్ ఇచ్చింది. బడ్జెట్ ఇబ్బందులతో 2026 జనవరి నుంచి 19 ఏళ్లు దాటినవారి కొత్త చేరికలు ఆపేసింది. ఇల్లినాయిస్‌లో 42 నుంచి 64 ఏళ్లవారి స్కీమ్ 2025 జూలైలోనే ముగిసింది.

ఇక స్టేటస్ అడిగితే? టెక్సాస్, ఫ్లోరిడా ఆస్పత్రుల్లో ఈ ప్రశ్న అడుగుతున్నారు. జవాబు చెప్పకపోయినా వైద్యం ఆపకూడదు. అలాగని భయం ఉత్తదే అనలేం. ఆస్పత్రుల దగ్గర అరెస్టులు వద్దన్న పాత విధానాన్ని 2025 జనవరిలో ట్రంప్ సర్కారు రద్దు చేసింది. మెడికెయిడ్ వివరాలు ఇమిగ్రేషన్ అధికారులకు ఇవ్వడంపై కోర్టు కేసులూ నడిచాయి.

ఇంగ్లిష్ ఇబ్బందైతే తెలుగు దుబాసీని అడగొచ్చు. ఫెడరల్ నిధులు తీసుకునే ఆస్పత్రులు ఆ ఏర్పాటు ఉచితంగానే చేయాలి. బిల్లు చూసి కంగారుపడి క్రెడిట్ కార్డు గీకేయక్కర్లేదు. పన్ను మినహాయింపు పొందే నాన్‌ప్రాఫిట్ ఆస్పత్రులకు ఆర్థిక సాయం పాలసీ ఉండి తీరాలి. డిశ్చార్జ్ తర్వాత మొదటి బిల్లు వచ్చిన నాటి నుంచి 240 రోజుల వరకు దానికి అప్లై చేసుకోవచ్చు.