చేతికి ఒదిగిన కెమెరా

1991లో కొడాక్ పత్రికా ఫొటోగ్రాఫర్ల కోసం తెచ్చిన డీసీఎస్ డిజిటల్ కెమెరాకు సొంత బాడీ లేదు. నికాన్ ఎఫ్3 ఫిల్మ్ కెమెరా వెనక తలుపు తీసేసి, అక్కడ 13 లక్షల పిక్సెళ్ల సెన్సర్ బిగించారు. ఫొటోలు దాచే డిస్కు, బ్యాటరీలు, చిన్న తెర వేరే పెట్టెలో ఉండేవి. ఆ బరువును భుజాన వేసుకుని, కేబుల్‌తో కెమెరాకు కలుపుకుని తిరగాలి. లోపలి విద్య కొత్తదే అయినా, చేతిలో ఉన్నది మాత్రం ఫొటోగ్రాఫర్లు అప్పటికే నమ్మిన కెమెరా.

ఆ నమ్మకం 1959లో వచ్చిన నికాన్ ఎఫ్ సంపాదించి పెట్టింది. దాని షట్టర్ తెరలు టైటానియం రేకువి. వియత్నాం యుద్ధంలో బురదకూ ఉక్కపోతకూ తట్టుకుంది. కంబోడియాలో బ్రిటిష్ ఫొటోగ్రాఫర్ డాన్ మెక్‌కలిన్ మీదికి వచ్చిన తూటా ఆయన ఎఫ్ కెమెరాకు తగిలి ఆగింది.

అంత గట్టి కెమెరా కూడా చేతికి సుఖంగా ఉండేది కాదు. షట్టర్ బటన్ బాగా వెనక్కి ఉండటంతో వేలు వంచి నొక్కాలి. ఫిల్మ్ మార్చాలంటే వెనక భాగం మొత్తం ఊడదీసి మరో చేత్తో పట్టుకోవాలి. కాల్పుల మధ్య అదెంత కష్టమో ఊహించవచ్చు. 1971లో వచ్చిన ఎఫ్2 ఈ రెండు లోపాలనూ సరిదిద్దింది. 1980లో ఎఫ్3కి ఇటలీ కార్ల డిజైనర్ జార్జెట్టో జుజారో చిన్న గ్రిప్‌నూ, ఎర్ర గీతనూ ఇచ్చాడు.

అసలు మలుపు 1986 నాటి కానన్ టీ90. జర్మన్ డిజైనర్ లూయిజీ కొలానీ ప్రభావంతో మూలలు కరిగి గుండ్రమయ్యాయి. కుడిచేతి వేళ్లకు నిండైన పట్టు దొరికింది. చూపుడువేలు షట్టర్ బటన్ నుంచి కాస్త వెనక్కి జరిగితే చాలు, తిప్పే చక్రం తగిలేది. కన్ను తీయకుండానే సెట్టింగులు మార్చగలిగే ఈ ఏర్పాటు మరుసటి ఏడాది కానన్ ఈఓఎస్ ఫిల్మ్ కెమెరాలకు, అక్కడి నుంచి కానన్ డిజిటల్ కెమెరాలకు వచ్చింది. చేతి పట్టు చరిత్రలో దీన్ని మించిన ఆలోచన కనిపించదు.

నికాన్ 1999లో సొంతంగా చేసిన డిజిటల్ కెమెరా డీ1కి మెగ్నీషియం మిశ్రమ లోహపు బాడీ, లెన్సు తగిలించేందుకు పాత ఎఫ్ మౌంటే. అద్దం లేని జెడ్ కెమెరాలు వచ్చిన 2018లో మౌంట్ నుంచి సెన్సర్‌కు దూరం 46.5 నుంచి 16 మిల్లీమీటర్లకు తగ్గింది. బాడీ సన్నబడినా గ్రిప్‌ను మాత్రం లోతుగానే ఉంచారు. తగ్గిన 30.5 మిల్లీమీటర్లను పూరించి ఎఫ్ లెన్సులను తగిలించుకునేందుకు ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌ను వాటితోపాటే తెచ్చారు.