సకినాలు చుట్టిన చేతులు

సంక్రాంతి దగ్గర పడిందంటే మన సంఘాల మీటింగుల్లో అప్పుల ముచ్చట తగ్గి అప్పాల ముచ్చట మొదలైతది. "మా చిన్నప్పుడు డబ్బా నిండ సకినాలుండేవి, ఫాల్గుణం దాకా తిన్నం" అని ఒకరంటే పదిమంది అందుకుంటరు. ఈసారి నివేదికలో ఆ ముచ్చటనే కొంచెం చరిత్రగా రాసుకుందామనుకున్నాం.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016 అక్టోబర్ 11న వేరువేరు జిల్లాలైనయి. అంతకుముందు చాలా వరకు ఒక్క వరంగల్ జిల్లానే. చిరుతిండి మాత్రం ఎప్పుడూ ఒక్కతీరు లేదు. జనగామ మెట్ట నేలల్లో మక్కప్యాలాలు, జొన్నప్యాలాలు, గుడాలు. మానుకోట తండాల్లో తీజ్‌కు రొట్టె, బెల్లం, నెయ్యి కలిపి చేసే చూర్మో. భూపాలపల్లి అడవి పొంటి ఇప్పపువ్వు, మొర్రిపండ్లు, తునికిపండ్లు. వాటికి పైస ఖర్చు లేదు, ఏరుకునే ఓపిక ఉంటే చాలు.

సకినం అట్ల కాదు. అది బియ్యప్పిండిది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం రాకముందు, మెట్ట పల్లెల్లో పండుగకే వరి అన్నం చూసిన ఇండ్లు ఎన్నో. అందుకే పిల్లలకు అది అంత గొప్ప.

కొత్త బియ్యం నానబెట్టి, వడగట్టి, తడి ఆరకముందే దంచాలి. నువ్వులు, వాము, ఉప్పు కలిపి, పిండిని వేళ్ల మధ్య మెలిపెడుతూ బట్ట మీద చుట్లు చుట్టాలి. మురుకుల లెక్క గొట్టంలో పెట్టి ఒత్తితే అయ్యేది కాదు. నడుమ గౌరమ్మను పెట్టి, వాడకట్టు ఆడోళ్లంతా కూసుండేవాళ్లు. ఇయ్యాల మా ఇంట్ల, రేపు మీ ఇంట్ల. కూలి లేదు, బదులే.

అయితే ఒక మాట. చిన్నప్పటి రుచి అని మురిసేది తిన్నోళ్లు. చుట్టినోళ్లకు యాదికొచ్చేది నడుము నొప్పి, పొయ్యి పొగ. గడీల కాలంలో వడ్లు దంచుడు, పిండి విసురుడు కూడా వెట్టిలోనే పోయేది. బదులు కూడా లేదు. ఆ వెట్టి మీద తిరగబడ్డ నేల మనది. పాలకుర్తి ఐలమ్మ మనదే, 1946 జులై 4న దొడ్డి కొమరయ్య ఒరిగిన కడివెండి మనదే.

1982లో డ్వాక్రా మొదలైనంక, సంఘాలు పెరిగినంక, మన వంటలు అంగట్లోకి వచ్చినయి. కానీ లెక్క చూడండి. బియ్యం, నూనె, నువ్వులు, కవరు, ఆటో కిరాయి రాస్తం. మన చేతుల కూలి రాయం. పోయిన పండుగకు ఒక దుకాణం ఆర్డరు మూడు దినాలు చుట్టినం. పైసలు పంచుకుంటే ఒక్కొక్కరికి ఉపాధి హామీ పనికొచ్చే కూలి కూడా పడలే. "ఇంట్ల చేసుకునేదే కదా అక్కా" అన్నడు బేరం ఆడినాయన. అసలు మనం కూడా అట్లనే అనుకున్నం, తప్పు ఆయన ఒక్కనిదే కాదు.

అందుకే ఈ సంవత్సరం నుంచి కిలో ధర కట్టే కాగితంలో మొదటి గడి కూలిది. బియ్యం దాని తర్వాత. తీర్మానం చేస్తుంటే ఒక పెద్దమ్మ అడిగింది, "మరి నడుమ కూసున్న గౌరమ్మకు ఎంత కడతరే?" అని. అందరం నవ్వినం. గడి మాత్రం కొట్టెయ్యలే.